గణపతిరావు తెనిగించిన ఫ్లూ ఆర్డర్లు

గణపతిరావుకి ఒక్కటే అలవాటు. ఇంగ్లీషు ముక్క ఒకటి ఆయన చెవిలో పడితే, తెలుగులో ఏడు ముక్కలై నోట్లోంచి బయటికి వచ్చేది. వాటిలో మొదటిది సాహెబుది. మిగిలిన ఆరూ గణపతిరావు సొంతం.

ఖరగ్‌పూర్ బొగ్గు యార్డులో ఆయన హెడ్ ఖలాసీ. దుబాసీ అనే ఉద్యోగం రైల్వేలో ఆయనకి ఎవరూ ఇవ్వలేదు. అయినా అందరూ దుబాసీ గణపతిరావు అనే పిలిచేవారు. దానికి కారణం ఉంది. ఇరవై ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడ పాతుకుపోయిన మనవాళ్ళకి హిందీ వచ్చు, బెంగాలీ వచ్చు, కోపం వస్తే ఒరియా కూడా వచ్చు. కానీ బొగ్గు దింపే నలభై మంది కూలీలు సిక్కోలు వైపు నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు. వాళ్ళకి తెలుగు ఒక్కటే వచ్చు. పైన ఫోర్‌మన్ రిచర్డ్ సాహెబు, స్వరాజ్యం వచ్చాక కూడా ఇక్కడే ఉండిపోయిన దొర. ఆయనకి ఇంగ్లీషు కాక పది హిందీ మాటలు వచ్చు, అందులో ఎనిమిది తిట్లు. ఈ రెండు ఒడ్లకీ మధ్య పడవ గణపతిరావు.

నేను పంతొమ్మిది వందల యాభై ఏడు జనవరిలో, కూలీల హాజరు రాసే టైమాఫీసులో గుమాస్తాగా చేరాను. బి.ఎ. చదివినవాణ్ణి. అక్షరం తేడా వస్తే నాకు అన్నం సహించదు. మొదటి వారంలోనే ఒక దృశ్యం చూశాను.

ఎర్రయ్య అనే కూలీ ఆలస్యంగా వచ్చాడు. రిచర్డ్ సాహెబు గడియారం చూసి, "మళ్ళీ ఆలస్యం!" అన్నాడు. రెండే మాటలు.

గణపతిరావు భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు. "సాహెబు ఏటంతన్నారంటే ఎర్రయ్యా, నువ్వు ఆలీసంగా వచ్చినావు. వస్తే వచ్చినావు, అసలంటూ వచ్చినావు గదా, అదే సంతోసం. ఇంటికాడ అందరూ కులాసాయేనా అని అడుగుతన్నారు. మొన్న నీ కాలికి దెబ్బ తగిలింది గదా, పసుపెట్టమంతన్నారు. రేపటికాణ్ణించి కూతకి ముందే వచ్చీమంతన్నారు."

ఎర్రయ్య కళ్ళు చెమ్మగిల్లాయి. "ఓలమ్మో! నా కాలు సంగతి సాహెబుకి గేపకం ఉందా! సల్లగుండాల బాబు. ఆలీసం నా తప్పే. మా యావిడికి నొప్పులొచ్చినాయని మంత్రసానికోసం తిరిగినాను. ఆడపిల్ల పుట్టింది. సాహెబుకి సెప్పండి."

గణపతిరావు సాహెబు వైపు తిరిగి, "రేపటి నుంచి వేళకి వస్తాడట సార్," అన్నాడు.

"అంతసేపు చెప్పింది ఇదేనా?"

"తెలుగు పొడుగు భాష సార్."

ఆ సాయంత్రం నేను ఆయన్ని పక్కకి పిలిచాను. "గణపతిరావు గారూ, సాహెబు పసుపు మాట అనలేదండీ."

"అన్నేదా?"

"లేదు. కులాసా కూడా అడగలేదు."

"అనుంటే బాగుండును గదా, గుమస్తా బావూ?"

"బాగుండేదే."

"మరింకేటి!" అని తువ్వాలు దులిపి వెళ్ళిపోయాడు.

ఇంగ్లీషు సరిగా రాక, రానిది ఒప్పుకోలేక, సందులన్నీ నోటికొచ్చినట్టు పూడుస్తున్నాడని తీర్మానించుకున్నాను.

ఆ మే నెలలో ఫ్లూ వచ్చింది. ఎక్కడో హాంకాంగులో పుట్టి, ఓడెక్కి మద్రాసు రేవులో దిగిందన్నారు. అక్కణ్ణించి మెయిలెక్కి మా ఊరొచ్చింది. ఒక్క టికెట్ కలెక్టరూ ఆపలేదు. మొదటి వారంలో ప్లాట్‌ఫారం మీద టీ అమ్మేవాళ్ళు పడ్డారు, రెండో వారంలో వర్క్‌షాపు సగం ఖాళీ అయింది. సుభాష్‌పల్లిలో నా అద్దె గదిలో నేనూ ఐదు రోజులు పడి లేచాను. సినిమా హాలు మూసేశారు. మంగలి తన కుర్చీలో తనే కూర్చుని గడ్డం గీసుకున్నాడు. చాకలికి ఉతకడానికి దుప్పట్లు తప్ప ఏమీ రాలేదు. అప్పుడే కొత్తగా నయా పైసలు వచ్చాయి. పాత అణా నిమ్మకాయకి కొత్త పైసలెన్ని అని జనం వేళ్ళ మీద లెక్క కట్టేలోపు నిమ్మకాయ నాలుగణాలకి ఎక్కి కూర్చుంది. ఊళ్ళో బాగుపడింది మందుల షాపూ, అల్లం అమ్మే ఆవిడా మాత్రమే.

ఇక రైల్వే ఆర్డర్ల మీద ఆర్డర్లు వేయడం మొదలుపెట్టింది.

మొదటిది చిన్నదే. ఉద్యోగులూ కూలీలూ రోజుకి రెండుసార్లు ఉప్పునీళ్ళు పుక్కిలించాలి. రిచర్డ్ సాహెబు చదివి కాగితం మడిచాడు. గణపతిరావు బొగ్గు కుప్ప ఎక్కాడు.

"సాహెబు ఏటంతన్నారంటే, పొద్దున్నా సాయంత్రం ఉప్పునీల్లు పుక్కిలించాల. కల్లుప్పైతే మంచిది. జొరమొచ్చినోడికి గంజి కాసి ఇవ్వాల, ఆణ్ణి పన్లు సెప్పకూడదు. పెల్లాల్ని తిట్టకూడదు, తిడితే గొంతు పాడౌద్ది. ఎవులు పుక్కిలించినారో ఎవులు నేదో సాహెబు సొయంగా సూస్తారు."

మర్నాడు పొద్దున్న రిచర్డ్ సాహెబు సైకిలు యార్డు గేటు దగ్గరికి రాగానే నలభై మంది వరసగా నిలబడి ఆకాశం వైపు తలెత్తి గుర్రుగుర్రుమని పుక్కిలించారు. సాహెబు సైకిలు బ్రేకు వేసి అదిరిపోయాడు.

"ఇదేంటి?"

"తమకి గౌరవం సార్," అన్నాడు గణపతిరావు.

పదిహేను రోజులపాటు రిచర్డ్ సాహెబు ఆ గౌరవ వందనాన్ని టోపీ ఎత్తి స్వీకరించాడు.

రెండో ఆర్డరు మాత్రం నవ్వులాట కాదు. జనం గుమిగూడితే జ్వరం పాకుతుందని పూరీ గేట్ దగ్గర సంతని పదిహేను రోజులు మూసేశారు. ఆ సంతలో ఎండుచేపలు అమ్మే చిట్టెమ్మ గంప నెత్తినెట్టుకుని సరాసరి యార్డు గేటుకి వచ్చింది. సంత మూయించింది రిచర్డ్ సాహెబు కాదు. కానీ ఆమెకి తెలిసిన సాహెబు ఆయనొక్కడే.

"నీ సంత కాలిపోను! నీ టోపీ మీద కాకి రెట్టెయ్య! ఈ సేపలు పదేనురోజులకి ఎవులు కొంతారు, మీ యమ్మ కొంతాదా? ముగ్గురు పిల్లల్తో ఏటి తినీది, ఉప్పునీల్లు తాగీసి పడుకోమంతావేటి?"

రిచర్డ్ సాహెబు కంగారుగా, "ఏమంటోంది?" అన్నాడు.

గణపతిరావు చేతులు కట్టుకున్నాడు. "సార్, తమ ముందుజాగ్రత్త చూసి చాలా సంతోషించిందట. కాకపోతే ఒక చిన్న సలహా చెబుతోంది. జనం సంతకి వస్తే గుంపు కడతారు. సంతే జనం దగ్గరికి వెళితే గుంపు ఉండదు కదా. అమ్మేవాళ్ళు గంపలెత్తుకుని క్వార్టర్ల లైన్లలో ఇంటింటికీ తిరిగితే జ్వరమూ పాకదు, తిండికీ లోటుండదు అంటోంది."

సాహెబు ఆశ్చర్యపోయాడు. "తెలివైన మనిషి! ఆమెకి అంత ఆవేశం దేనికి?"

"ప్రజారోగ్యం మీద సార్."

"అలాగే చెయ్యమను. ఎవరైనా అడ్డుకుంటే నా పేరు చెప్పమను."

గణపతిరావు చిట్టెమ్మ వైపు తిరిగాడు. "సాహెబు ఏటంతన్నారంటే సిట్టెమ్మా, నీ మాట నిజమేనంట. ఆరికీ బాదగానే ఉందంట. రేపటికాణ్ణించి గంపలెత్తుకొని లైన్లమ్మట ఇల్లిల్లూ తిరగండి. ఎవులడ్డొచ్చినా రిచర్డ్ సాహెబు సెప్పినారనండి. ముందుగాల ఆరి బంగ్లాకాడే మొదలెట్టమంతన్నారు, బోనీ ఆరే సేస్తారంట."

చిట్టెమ్మ నెత్తి మీది గంప దించింది. తర్వాత కొంగు సర్దుకుని, "మనిసి మంచోడే పాపం," అంది. టోపీ మీద కాకి సంగతి మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే రిచర్డ్ సాహెబు బంగ్లా వరండాలో ఎండుచేపల గంప దిగింది. ఆ వాసనకి దొరసాని లోపలి గదిలోకి పారిపోయింది. మూడో రోజు సాహెబు గణపతిరావుని పిలిచి, "ఆమె రోజూ నా ఇంటికే ముందు ఎందుకు వస్తోంది?" అని అడిగాడు.

"తమ చేతి బోనీ అయితే ఆ రోజు జ్వరం అంటదని వాళ్ళ నమ్మకం సార్."

తన చెయ్యి అంతటిదని సాహెబుకి అంతకుముందు తెలియదు. పాపం రోజూ కొన్నాడు. పదో రోజుకి దొరసాని వంటవాణ్ణి పిలిచి, ఎండుచేపల్లో వంకాయ వేయాలా చింతపండు పులుసు పోయాలా అని వాకబు చేసిందని విన్నాం.

ఇవన్నీ చూస్తూ నేను లోపల కుతకుతలాడేవాణ్ణి. ఎవరూ అడగనిది అడిగినట్టూ, ఎవరూ ఇవ్వనిది ఇచ్చినట్టూ ఈయన చెప్పేస్తున్నాడు. ఆశ్చర్యం ఏమిటంటే, చెప్పాక అది నిజంగానే జరిగిపోతోంది.

మూడో ఆర్డరు జూన్ మధ్యలో వచ్చింది. పర్మనెంటు ఉద్యోగులకి జ్వరమొస్తే జీతంతో సెలవుంది. కూలీలకి అది లేదు. ఆర్డరు రెండే వాక్యాలు: మూడు రోజులు వరసగా పనికి రాని కూలీ పేరు కొట్టేయాలి. వాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళని తీసుకోవాలి.

ఆ రోజు నలభై మందిలో ఇరవై ఆరు మంది జ్వరాలతో ఇళ్ళల్లో పడి ఉన్నారు. యార్డులో పద్నాలుగు మంది నిలబడ్డారు. రానివాళ్ళ భార్యలు, తమ్ముళ్ళు గేటు అవతల సంగతేమిటో వినడానికి వచ్చి ఉన్నారు. రిచర్డ్ సాహెబు చదివాడు. అందరూ గణపతిరావు వైపు తిరిగారు.

గణపతిరావు తువ్వాలు భుజం మీంచి తీసి మొహం తుడుచుకున్నాడు. బొగ్గు కుప్ప ఎక్కలేదు.

"సార్, ఇది పెద్ద ఇంగ్లీషు. రేపు చెబుతాను."

"రెండు వాక్యాలయ్యా!"

"తెలుగులోకి వెళ్ళడానికి ఒక రోజు పడుతుంది సార్."

రిచర్డ్ సాహెబు గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆయనకీ ఆ కాగితం మీద ముచ్చటేమీ లేదని మొహం చూస్తే తెలుస్తోంది.

మర్నాడు పొద్దున్న గణపతిరావు కుప్ప ఎక్కాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం గంటలా మోగింది.

"సాహెబు ఏటంతన్నారంటే, రైల్వేకి బిల్ల ముక్యం. మీ మెల్లో ఇత్తడి బిల్లలున్నాయి గదా, ఒక్కోదాని మీద ఒక్కో నంబరుంది. జొరమొచ్చినోడు ఇంటికాడే పడుకోవాల. లేచి రాకూడదు, వస్తే సాహెబుకి కోపమొస్తాది. ఆడి బిల్ల ఏసుకొని జొరం నేనోల్లు ఎవులైనా ఆ ఇంటిమనిసి రావచ్చు. పెల్లాం రావచ్చు, తమ్ముడు రావచ్చు, బావమరిది రావచ్చు. పార ఎత్తగలిగితే సాలు. బిల్ల మూడ్రోజులు రాకపోతే మాత్తరం పేరు పోద్ది. అది సాహెబు సేతిలో కూడా నేదు."

గేటు అవతలి నుంచి పెద్ద కేక లేచింది. ఆడవాళ్ళు రిచర్డ్ సాహెబుకి దండాలు పెట్టారు. ఎర్రయ్య భార్య చంటిదాన్ని అత్త చేతికిచ్చి కొంగు నడుముకి బిగించింది.

రిచర్డ్ సాహెబు అయోమయంగా చూశాడు. "పేర్లు కొట్టేస్తామంటే జేజేలు కొడతారేమిటి?"

"సార్, వాళ్ళొక మనవి చేసుకుంటున్నారు." గణపతిరావు గొంతు తగ్గింది. "యార్డులో అరవై వ్యాగన్లు దిగకుండా ఉన్నాయి. కొత్తవాళ్ళని తెద్దామంటే ఊరంతా జ్వరమే. దొరికినా పని నేర్పాలి. అంచేత జ్వరం తగ్గేదాకా తమ తమ బిళ్ళల మీద ఇంటికొక మనిషిని పంపి పని ఆగకుండా చూస్తామంటున్నారు. బిళ్ళ వచ్చినట్టే కదా, కూలీ రాలేదని ఎలా రాస్తాం అంటున్నారు."

రిచర్డ్ సాహెబు వ్యాగన్ల వైపు చూశాడు. గేటు వైపు చూశాడు. "ఠీక్ హై," అన్నాడు.

హాజరు వేయాల్సింది నేను. టైమాఫీసు కిటికీ ముందు బిళ్ళలు ఒక్కొక్కటే వచ్చాయి. పదిహేడో నంబరు చేతికి గాజులున్నాయి. ఇరవై రెండో నంబరుకి మొన్నమొన్నటి దాకా బట్టతల, ఇవాళ బారెడు జడ. నంబరు చూసి హాజరు వేయమనే కదా రూలు అని నాకు నేను చెప్పుకుని వేశాను. రోజూ వేశాను. జ్వరం తగ్గినవాడు లేచి వచ్చేవాడు, ఇంకొకడి ఇంట్లో ఇంకొకరు బిళ్ళ వేసుకునేవారు. ఆ పక్క యార్డుల్లో వ్యాగన్లు బారులు తీరి నిలిచిపోతే మాది ఖాళీ అవుతూనే ఉంది. బొగ్గు దింపినవాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి వెలిగింది. లైన్లలో చిట్టెమ్మ చేపలూ అమ్ముడుపోయాయి.

మూడు వారాల తర్వాత కలకత్తా నుంచి ఒక ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. ఆసుపత్రి రిజిస్టరు ఒక చేత్తో, నా హాజరు రిజిస్టరు ఇంకో చేత్తో పట్టుకున్నాడు. ఒకే రోజున ఇరవై ఆరు మంది ఆ పుస్తకంలో నూట మూడు జ్వరంతోనూ, ఈ పుస్తకంలో పారతోనూ ఉన్నారు.

"ఈ అద్భుతానికి అనుమతి ఎవరిచ్చారు?"

"కూలీలే అడిగారు. నేను ఒప్పుకున్నాను," అన్నాడు రిచర్డ్ సాహెబు.

ఆఫీసరు ఎర్రయ్యని ముందుకి పిలిపించాడు. గణపతిరావు కోసం చూశాం. ఆయన లేడు. ఊరందరినీ చుట్టేసిన ఫ్లూ నాలుగు రోజుల కిందట ఆయన్నీ పట్టుకుంది. గొంతు పూర్తిగా పోయిందని కబురొచ్చింది.

ఆఫీసరు వేలు నా వైపు తిరిగింది. "నువ్వు బి.ఎ. కదా? ఇతను చెప్పింది ఒక్క మాట తేడా లేకుండా నాకు చెప్పు. ఇళ్ళల్లోవాళ్ళని పంపమని మీకు ఎవరు చెప్పారో అడుగు."

నేను అక్షరం పొల్లుపోకుండా అడిగాను. ఎర్రయ్య అమాయకంగా, "సాహెబే రమ్మన్నారని గనపతిరావు బావు సెప్పినాడు," అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక అంత ఖచ్చితమైన వాక్యం నేను వినలేదు. దాన్ని అలాగే ఇంగ్లీషులో పెడితే, తను అలా అననే లేదని రిచర్డ్ సాహెబు అంటాడు. గణపతిరావు ఉద్యోగం పోతుంది. దాంతోపాటు ఇరవై ఆరు పేర్లు పోతాయి. గేటు దగ్గర గాజుల చేతులు పారలు పట్టుకుని నిలబడి నా నోటి వైపే చూస్తున్నాయి.

నా నోరు తెరుచుకుంది. లోపలి నుంచి వచ్చిన ఇంగ్లీషు ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు.

"సార్, ఇతను ఏమంటున్నాడంటే, ఆర్డరు విన్నాక కూలీలకి చాలా దిగులేసిందట. తమ పేర్లు పోతాయని కాదట, బొగ్గు దిగక రైళ్ళు ఆగుతాయని. అందుకే చేతులు జోడించి తామే అడిగారట. జ్వరమున్నవాడు పనికొస్తే మిగతావాళ్ళకి అంటించి ఇంకా నష్టం కదా అని కూడా ఆలోచించారట. ఒక్క వ్యాగనూ నిలవకుండా చూశారట. పైగా, ఈ ఏర్పాటుని చూసి మెచ్చుకుని కాగితం మీద పెట్టగల పెద్దమనిషి కలకత్తా నుంచి ఎప్పుడొస్తారా అని ఎదురుచూస్తున్నారట."

ఆఫీసరు కనుబొమలు పైకి లేచాయి. "ఇతను అన్నది అయిదారు మాటలే కదా?"

"తెలుగు చాలా పొట్టి భాష సార్," అన్నాను.

రిచర్డ్ సాహెబుకి దగ్గొచ్చింది. జేబురుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గాడు. అది ఫ్లూ దగ్గు కాదు.

ఆఫీసరు వ్యాగన్ల లెక్కల కాగితం తెప్పించి చూసుకున్నాడు. నిలిచిపోయిన పక్క యార్డుల కాగితాలతో పోల్చుకున్నాడు. టేబులు ముందు కూర్చుని తన చేత్తోనే రాశాడు: అంటుజ్వరం తగ్గేదాకా, డాక్టరు చీటీ ఉన్న కూలీ బదులు అతని ఇంటిమనిషి అదే బిళ్ళ మీద పనిచేయవచ్చు. పేరు కొట్టేయకూడదు. ఇది అన్ని యార్డులకీ వర్తిస్తుంది.

ఆ మధ్యాహ్నం ఖలాసీ లైన్లలో గణపతిరావు క్వార్టరుకి పరుగులాంటి నడకతో వెళ్ళాను. ఆయన నులకమంచం మీద, నెత్తికి తడిగుడ్డతో ఉన్నాడు. ఆయన భార్య గంగాభవాని పీట వేసింది. జరిగిందంతా చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. ఆర్డరు మాట రాగానే మూసిన కళ్ళ కింద పెదాలు విచ్చుకున్నాయి.

"ఇంగ్లీషు సరిగా రాకే ఈయన అలా కలిపేస్తాడనుకున్నానమ్మా," అన్నాను నేను సిగ్గుపడుతూ.

గంగాభవాని నా వైపు వింతగా చూసింది. "రాకేటి బావూ! కాయితం వచ్చిన రోజు ముందు నాకు సదివి సెప్తారు. ఉన్నదున్నట్టు, ఒక్క ముక్క తేడా రాదు. ఆ పేర్లు కొట్టీసే కాయితం వచ్చిందా, ఆ రోజు కంచం కాడ కూకొని ముద్ద కలిపి అలగే వదిలీసినారు. 'బవానీ, ఈ మాట నా నోట్తో ఆ ఎర్రయ్యకి యెలగ సెప్పీది' అని పెరట్లో తిరుగుతానే ఉన్నారు. తిరిగి తిరిగి, 'దొరికింది' అని కేకేసినారు. అప్పుడు తిన్నారు సల్లారిపోయిన కూడు." ఆవిడ నిట్టూర్చింది. "ఊరందరికీ ఆరు ముక్కలు కలిపి సెప్తారు. నా కాడికొస్తే మాత్తరం ఉన్నదే సెప్తారు. నాకూ రెండు ముక్కలు కలిపితే ఏటి పోద్ది?"

మంచం మీద గణపతిరావు ఏదో చెప్పబోయాడు. గొంతులో గరగర తప్ప ఏమీ రాలేదు. చెయ్యెత్తి మూల వైపు వేలు చూపించాడు, నోటి వైపు చూపించాడు.

గంగాభవాని కొంగు భుజం మీదికి లాక్కుని నా వైపు తిరిగింది.

"ఏటంతన్నారంటే బావూ, ఇయ్యాల తమరు సేసిన పని ఇరవయ్యారు కొంపల్ని నిలబెట్టిందంట. తమర్ని సూస్తే ఆరికి సొంత తమ్ముణ్ణి సూసినట్టుందంట. ఆ సుబాస్‌పల్లిలో ఒంటిగా వొండుకోని సిక్కిపోతన్నారంట. ఇప్పుడే సేపల పులుసు దించినాను, తినకండా యెల్తే ఆరికి కోపమొస్తాదంట. ఇకమీద పెతీ ఆదోరం ఈడికే రావాలంట."

నేను మూల వైపు చూశాను. అక్కడ మంచినీళ్ళ కుండ ఉంది. లేచి గ్లాసుతో నీళ్ళు ముంచి ఆయనకి అందించాను. ఆయన గటగట తాగాడు. భార్యని చూశాడు, నన్ను చూశాడు, తర్వాత ఆ చెప్పిందంతా అక్షరాలా తన మాటేనన్నట్టు గంభీరంగా తల ఊపాడు.

నేను కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి నడిచాను.